మెషీన్ బీటుకి మనుషుల చేతులు: ఒక జాజ్–హిప్‌హాప్ ప్రాజెక్టు డైరీ

జనవరి, మొదటి వారం

మేముండేది అమెరికాలో, డెట్రాయిట్ చుట్టుపక్కల. ప్రాజెక్టు ఇదీ: నాలుగు పాటలు, మొత్తం ఇరవై నిమిషాలు, జూన్‌కల్లా సిద్ధం కావాలి. స్టేజీ మీద ల్యాప్‌టాప్ ఉండదు, లూప్ నడవదు, ఎవరి చెవిలోనూ టెంపో చెప్పే క్లిక్ ఉండదు. బీటు మాత్రం మెషీన్లోంచి వచ్చినట్టే వినపడాలి. మధ్యలో వచ్చే సోలోలు జాజ్ పద్ధతిలో అప్పటికప్పుడు పుట్టాలి.

డ్రమ్మర్ ఇక్కడి యూనివర్సిటీలో జాజ్ చదువుతున్నాడు. బాస్ వాయించే అమ్మాయి అతని క్లాస్‌మేట్. ట్రంపెట్ కుర్రాడు చర్చిలో వాయిస్తూ పెరిగాడు, నోట్స్ చదవడం కన్నా చెవితో పట్టడమే వాడికి తేలిక. ర్యాప్ చెప్పేవాడు మన తెలుగువాళ్ళబ్బాయే. పుట్టింది, పెరిగింది ఇక్కడి క్యాంటన్‌లో. నన్ను "అన్నా" అంటాడు, ఆ తరవాత వాక్యమంతా ఇంగ్లీషులోకి జారిపోతుంది. నేను కీబోర్డు. అందరిలోకీ వయసులో పెద్దవాణ్ణి. పగలు కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాను, చిన్నప్పుడు రాజమండ్రిలో మృదంగం నేర్చుకున్నాను. రిహార్సల్స్ నోవైలో మా ఇంటి బేస్‌మెంట్‌లో.

నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్... డెట్రాయిట్ చుట్టూ మనవాళ్ళు చాలామందిమే ఉన్నాం. ఊళ్ళోకి వెళ్ళి సంగీతం వినేవాళ్ళం మాత్రం తక్కువ. డెట్రాయిట్ అంటే కార్లు, మోటౌన్, ఎమినెమ్ అని చెప్పేసి ఊరుకుంటాం. ఈ ప్రాజెక్టుకి మూలం వేరే మనిషి, హిప్‌హాప్ బీట్లు కట్టిన జే డిల్లా. అసలు పేరు జేమ్స్ యాన్సీ, 1974 ఫిబ్రవరి 7న ఇక్కడే పుట్టాడు. కోనెంట్ గార్డెన్స్ అనే పేటలో పెరిగాడు. పార్లమెంట్-ఫంకడెలిక్ బృందంలో కీబోర్డు వాయించిన ఆంప్ ఫిడ్లర్ ఆ చుట్టుపక్కలే ఉండేవాడు. పేటలోని కుర్రాళ్ళని ఇంట్లోకి రానిచ్చి, ఎంపీసీ అనే మెషీన్ (రికార్డు చేసిన శబ్దాల ముక్కల్ని, అంటే శాంపిళ్ళని, మీటలు కొట్టి బీటుగా పేర్చేది) మీద చెయ్యి వెయ్యనిచ్చింది ఆయనే. డిల్లా ఆ మెషీన్ మీద చేసిన బీట్లు విని, ఒక తరం జాజ్ డ్రమ్మర్లు తమ చేతుల్ని కొత్తగా సాధన చేయించుకున్నారు. మనిషి వాయించినదాన్ని మెషీన్ నేర్చుకోవడం మనకి తెలుసు. ఇక్కడ మెషీన్ నుంచి మనుషులు నేర్చుకున్నారు. మేమూ ఆ పనే మొదలుపెడుతున్నాం, కాస్త ఆలస్యంగా.

జనవరి చివర

వాయించడం మొదలుపెట్టకముందు అందరం కలిసి వినాలని షరతు పెట్టాను. బేస్‌మెంట్‌లో హీటర్ వేసుకుని, ఫోన్లు పక్కన పెట్టి వినడం. ట్రంపెట్ కుర్రాడికి ఇది శిక్షలా అనిపించింది.

మొదట 1991 నాటి ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్‌హాప్ బృందం ఆల్బమ్, ది లో ఎండ్ థియరీ. అందులో ఒక పాటకి రాన్ కార్టర్ వచ్చి డబుల్ బాస్ వాయించాడు. జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన ఆ రాన్ కార్టరే. పుట్టింది ఇక్కడి ఫెర్న్‌డేల్‌లో, చదివింది డెట్రాయిట్ కాస్ టెక్ హైస్కూల్లో. తరవాత 1993లో గురు అనే ర్యాపర్ తెచ్చిన ఆల్బమ్, జాజ్‌మటాజ్ మొదటి భాగం. అందులో ట్రంపెట్ వాయించిన డొనాల్డ్ బర్డ్ కూడా డెట్రాయిట్ వాడే, ఆయనా కాస్ టెక్‌లోనే చదివాడు. 2001లో డిల్లా తన సొంత ఆల్బమ్‌లో ఈ డొనాల్డ్ బర్డ్ పాటనే ఒకటి తిరిగి పాడాడు. ఈ గొలుసు వివరిస్తుంటే బాస్ అమ్మాయి నోట్‌బుక్ తీసింది. మిగతా ముగ్గురూ చిప్స్ తీశారు.

తరవాత మైల్స్ చివరి స్టూడియో ఆల్బమ్ డూ-బాప్ పెట్టాను. ఆయన పోయాక 1992లో వచ్చింది. నాకు మైల్స్ అంటే ప్రాణమే అయినా, ఇందులో ట్రంపెట్ ఒక గదిలో, బీటు పక్క గదిలో ఉన్నట్టుంటుంది. బీటు మీద జాజ్ వాద్యాన్ని పరిచినంత మాత్రాన రెండూ కలిసినట్టు కాదు. అప్పట్లో వచ్చిన చాలా "జాజ్ ర్యాప్"తో నాకున్న పేచీ ఇదే. మెత్తని శాక్సఫోన్, కింద లూప్, హోటల్ లాబీకి సరిపోతుంది.

ఆ వెంటనే రాబర్ట్ గ్లాస్పర్ పెట్టాను. హ్యూస్టన్ నుంచి వచ్చిన పియానిస్టు. 2007లోనే తన జాజ్ త్రయంతో డిల్లా బీట్లని వరసగా కలిపి వాయించాడు. 2012లో బ్లాక్ రేడియో తెచ్చాడు, దానికి ఆర్ అండ్ బీ ఆల్బమ్ విభాగంలో గ్రామీ వచ్చింది. అందులో డ్రమ్స్ క్రిస్ డేవ్‌వి. మా డ్రమ్మర్ లేచి స్పీకర్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. "స్నేర్ జారుతోంది, హై-హ్యాట్ కదలట్లేదు. ఇవి రెండు వేరే చేతులే కదా, ఒకే బుర్ర ఎలా నడిపిస్తోంది?" అన్నాడు. (స్నేర్ అంటే కర్రతో కొడితే టప్‌మని పేలే చిన్న డ్రమ్, హై-హ్యాట్ అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాలు.) నాకు కావలసిన ప్రశ్న అదే.

ట్రంపెట్ కుర్రాడికి మాత్రం టొరంటో వాళ్ళ కథ నచ్చింది. 2010లో హంబర్ కాలేజీలో జాజ్ చదువుతూ కలిసిన ముగ్గురు కుర్రాళ్ళు, బ్యాడ్‌బ్యాడ్‌నాట్‌గుడ్ అని పేరు పెట్టుకుని, ర్యాప్ పాటల్ని పియానో, బాస్, డ్రమ్స్ మీద వాయించి మాస్టార్ల ముందు పెడితే వాళ్ళకి పెద్దగా ఆనలేదట. అయిదేళ్ళకి అదే బృందం పేరున్న ర్యాపర్ ఘోస్ట్‌ఫేస్ కిల్లాతో కలిసి పూర్తి ఆల్బమ్ తెచ్చింది. "మనకి మాస్టార్లు ఎవరున్నారు తిట్టడానికి?" అన్నాడు. నేనున్నాను కదా అన్నాను.

ఫిబ్రవరి, మొదటి వారం

ఈ వారమంతా లెక్కలు. విసుగనిపించినవాళ్ళు మార్చికి దూకవచ్చు.

పాత డ్రమ్ మెషీన్లలో స్వింగ్ అనేది ఒక శాతం. రెండు పదహారో వంతు స్వరాల జంటలో మొదటిదానికి ఎంత కాలం ఇస్తున్నాం అన్నదే ఆ సంఖ్య. 50 శాతం అంటే సమానం, అసలు స్వింగ్ లేనట్టు. 66 దగ్గర తిశ్రం వస్తుంది, మూడింట రెండు వంతులు. 75 దాకా వెళ్ళొచ్చు. రోజర్ లిన్ ఈ ఆలోచనని 1980ల మొదట్లోనే తన డ్రమ్ మెషీన్లలో పెట్టాడు. 1988లో అకాయ్ కంపెనీతో కలిసి తెచ్చిన ఎంపీసీ 60లో అదే కొనసాగింది. డిల్లాకి బాగా అలవాటైనది 1994 నాటి ఎంపీసీ 3000.

మా పాటలు 90 బీపీఎంలో, అంటే నిమిషానికి 90 బీట్లలో అనుకున్నాం. ఒక బీటు 667 మిల్లీసెకన్లు. అందులో సగం 333. ఈ 333లో రెండో స్వరం ఎక్కడ పడుతుందన్నదే కథంతా. 50 శాతమైతే 167 దగ్గర పడుతుంది. 54 అయితే 180, 58 అయితే 193, 66 అయితే 220 పైన. ఎంపీసీ ఒక బీటుని 96 ముక్కలు చేస్తుంది. 90 బీపీఎంలో ఒక్కో ముక్క 7 మిల్లీసెకన్లకి కాస్త తక్కువ. అంతకన్నా సన్నగా ఆ మెషీన్ జరపలేదు. ఆ ముతకదనంలోంచే అంత మెత్తటి లయ వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డిల్లా గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. క్వాంటైజ్ (దెబ్బల్ని లెక్కకి సర్దే మెషీన్ సదుపాయం) ఆపేసి, వేలితో ఇష్టమొచ్చినట్టు కొట్టేవాడు, అందుకే ఆ తూలుడు అని. సగమే నిజం. చాలా బీట్లలో తూలుడు పద్ధతిగా ఉంటుంది, ప్రతి బార్‌లోనూ (నాలుగు బీట్ల ఆవర్తనంలో) అదే చోట వస్తుంది. హై-హ్యాట్ ఒక లెక్కలో ఉంటుంది, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఇంకో స్వింగ్‌లో, స్నేర్ ఇవి రెండూ కాకుండా రెండు మూడు ముక్కలు ముందు. తాగినవాడి నడక అంటారు గాని, తాగినవాడు ప్రతిసారీ అదే రాయికి తట్టుకోడు.

నా ఎంపీసీలో ఇదే అమర్చి డ్రమ్మర్‌కి ఇచ్చాను. హై-హ్యాట్ సమానంగా, కిక్ 58లో, స్నేర్ 20 మిల్లీసెకన్లు ముందు. ఇల్లు చేరాక మెసేజ్ పెట్టాడు, "దీనికి నాకు మూడో చెయ్యి కావాలి" అని.

ఫిబ్రవరి, రెండో వారం

7న డిల్లా పుట్టినరోజు, 10న వర్ధంతి. డోనట్స్ ఆల్బమ్ 2006లో సరిగ్గా ఆయన 32వ పుట్టినరోజున విడుదలైంది, మూడు రోజులకి ఆయన పోయాడు. రక్తానికి సంబంధించిన అరుదైన జబ్బు, దానికి తోడు లూపస్. ఆయన ఎంపీసీ 3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఈ వారం పని: డ్రమ్మర్ వాయించినది మల్టీట్రాక్‌లో రికార్డు చేసి, వేవ్‌ఫామ్ పెద్దది చేసి కొలవడం. మొదటి నాలుగు బార్లలో స్నేర్ బాగానే ముందు పడుతోంది, 15 నుంచి 20 మధ్య. పదహారో బార్ వచ్చేసరికి ఆ తేడా మాయం. స్నేర్ వెనక్కి రాలేదు, హై-హ్యాటే స్నేర్ దగ్గరికి వచ్చేసింది. ఒక చెయ్యి తొందరపడితే రెండోది దానికి తోడు వెళ్ళిపోతుంది. చిన్నప్పటి నుంచి "రెండు చేతులూ కలిపి కొట్టు" అని నేర్పిన శరీరం కదా.

దారి అతనే కనిపెట్టాడు. డ్రమ్మర్లు మొదటి ఏడాదిలోనే నేర్చుకునే ఫ్లామ్ అనే దెబ్బ ఉంది. రెండు కర్రలు ఒకే డ్రమ్ మీద కలిసీ కలవనట్టు పడాలి, ఒకటి రవ్వంత ముందు. అదే ఫ్లామ్‌ని రెండు వాద్యాల మధ్య పంచాడు. ముందు పడే కర్ర స్నేర్ మీద, వెనక పడే కర్ర హై-హ్యాట్ మీద. "ముందు కొట్టాలి" అని బుర్రతో అనుకోవడం మానేశాడు, చేతులకి తెలిసిన పాత పనినే కొత్తచోట చేయించాడు. తేడా నిలబడింది. కొలిస్తే 22, 19, 24... మెషీన్ అంత స్థిరం కాదు గాని, చెవికి అదే రుచి.

డ్రమ్మర్లు బీట్‌మేకర్లవడం, బీట్‌మేకర్లు డ్రమ్మర్లవడం ఈ ఊరికి కొత్తకాదు. ఇక్కడే పుట్టిన కరీమ్ రిగిన్స్ ఒక పక్క రే బ్రౌన్, డయానా క్రాల్ వంటి జాజ్ వాళ్ళకి డ్రమ్స్ వాయించాడు. డిల్లా అసంపూర్తిగా వదిలిపోయిన ది షైనింగ్ ఆల్బమ్‌ని పూర్తి చేసిందీ ఆయనే. మా వాడి గది గోడ మీద ఇప్పుడు ఆయన ఫొటో ఉందట.

మార్చి

బాస్‌తో అసలు గొడవ మొదలైంది. డ్రమ్మర్ స్నేర్ ముందుకి వెళ్ళగానే బాస్ అమ్మాయి వెనక్కి వాలడం మొదలుపెట్టింది. 2000లో వచ్చిన గాయకుడు డి'ఏంజెలో ఆల్బమ్ వూడూలో పినో పలడీనో బాస్ కిక్ కన్నా బాగా వెనక పడుతుంది, ఈ అమ్మాయికి అది కంఠతా వచ్చు. అది విని నేనూ వెనక్కి వాలాను. ట్రంపెట్ కుర్రాడు సహజంగానే బద్ధకస్తుడు. నాలుగు నిమిషాల పాటలో 90 బీపీఎం కాస్తా 83కి దిగింది.

లేటు అనేది దేనితోనో పోల్చినప్పుడే లేటు. అందరూ లేటయితే అది మామూలుగా టెంపో తగ్గడమే. ఎవరో ఒకరు కదలకుండా నిలబడాలి. ఆ పని హై-హ్యాట్‌కి అప్పగించాం. అది సమానంగా, చప్పగా, ఏ అలంకారమూ లేకుండా సాగుతుంది. మిగతావాళ్ళం దానికి ఎంత దూరంలో ఉన్నామో చూసుకుంటూ ఉండాలి. డ్రమ్మర్‌కి కోపం వచ్చింది. జాజ్‌లో కుడిచెయ్యే కదా మాట్లాడేది, దాన్ని మూగదాన్ని చేశావంటాడు. పాటకి ఒక చోట, ట్రంపెట్ సోలోలో, ఆ చెయ్యిని వదిలేస్తానని బేరం కుదుర్చుకున్నాను.

కిక్ స్వింగ్ ఇంకా కుదరడం లేదు. 50కీ 66కీ మధ్య ఎక్కడో పెట్టమంటే అందరూ తిశ్రంలోకి జారిపోతున్నారు. జాజ్ అలవాటు అది. ఇక్కడ నా మృదంగం అక్కరకొచ్చింది. 333 మిల్లీసెకన్లని ఐదు ముక్కలు చేసి, మూడు ముక్కల తరవాత రెండో స్వరం పెడితే 60 శాతం. ఏడు ముక్కలు చేసి, నాలుగు తరవాత పెడితే 57. మన లెక్కలో ఒకటి ఖండం, ఇంకొకటి మిశ్రం. ఇక్కడి కుర్రాళ్ళు దీన్ని క్వింటప్లెట్ స్వింగ్, సెప్టప్లెట్ స్వింగ్ అని పిలుస్తున్నారు, యూట్యూబ్ నిండా పాఠాలే. కానీ "వన్-టూ-త్రీ-ఫోర్-ఫైవ్" అని లెక్కపెడుతూ నేర్చుకోవడం చూస్తే జాలేసింది. ఫైవ్ అనేలోపు బీటు దాటిపోతుంది. మనకి జతులున్నాయి.

ఒక సందేహం తీర్చుకోవడానికి రాజమండ్రి ఫోన్ చేశాను, మా గురువుగారికి. ఆయనకి ఎనభై దాటాయి, చెవి మాత్రం చురుగ్గానే ఉంది. ఫోన్ స్పీకర్లో పెట్టి బీటు వినిపించాను.

"గురువుగారూ, మనం ఐదుకి తకతకిట అనే కదా చెప్పుకుంటాం. వీళ్ళకీ అదే నేర్పనా?"

"అదెలా కుదురుతుందయ్యా? తకతకిటలో ముందు పొట్టి, వెనక పొడుగు. నువ్వు వినిపించినదాంట్లో ముందే పొడుగ్గా ఉంది. తిరగెయ్యి. తకిటతక అని చెప్పించు."

"ఏడుకి?"

"తకధిమితకిట. కానీ నోరు ఏది పలికినా చెయ్యి మాత్రం తాళం వేస్తూనే ఉండాలి. చెయ్యి కదిలిందా, ఇక గతి లేదు, ఏమీ లేదు."

ఆ తాళం వేసే చెయ్యే మా హై-హ్యాట్. డ్రమ్మర్‌కి ఈ మాట చెబితే కుడిచెయ్యి మీద కోపం కొంత తగ్గింది.

సాధన ఇలా చేయించాను. ముందు టెంపో సగం, 45. అప్పుడు ఒక్కో అక్షరానికి 133 మిల్లీసెకన్లు, నోటికి హాయిగా అందుతుంది. తొడ మీద చేత్తో సమానంగా తట్టుతూ, నోటితో "తకిట తక, తకిట తక". అది కుదిరాక మధ్య అక్షరాలు మింగేసి, రెండు "త"లు మాత్రం పైకి అనడం. ఆ తరవాత టెంపో నెమ్మదిగా 90కి. ఆ వేగంలో అన్ని అక్షరాలూ పలకడం ఏ నాలుకకీ సాధ్యం కాదు, సెకనుకి పదిహేను. కానీ లోపలి "త" సరిగ్గా దాని చోటనే పడుతుంది. బాస్ అమ్మాయి అందరికన్నా ముందు పట్టింది. ఇప్పుడు బస్సులో కూడా గొణుగుతోందట, పక్కవాళ్ళు సీటు మారుతున్నారట.

ఖండానికీ మిశ్రానికీ మధ్య తేడా ఈ టెంపోలో పదే మిల్లీసెకన్లు. విడిగా అడిగితే ఎవరూ చెప్పలేరు. పాటలో పెడితే ఒకటి బరువుగా కూర్చుంటుంది, ఇంకొకటి కాస్త తేలుతుంది. రెండో పాటకి ఖండం, మూడో పాటకి మిశ్రం ఖాయం చేశాం. డిల్లా ఐదులూ ఏడులూ లెక్కపెట్టాడని నేననను, ఆయన చెవితో వెతుక్కున్నాడు. ఇది మాకు నిచ్చెన మాత్రమే. ఎక్కాక తీసేయాల్సిందే.

మార్చి చివర

మంచు మళ్ళీ పడింది. ట్రంపెట్ కుర్రాడి కారు కదల్లేదు. ముగ్గురమే వాయించాం, బాగా వచ్చింది. వాడికి ఈ సంగతి చెప్పలేదు.

ఏప్రిల్

శాంపిళ్ళ సంగతి తేల్చుకోవాలి. ఈ సంగీతానికి పాత జాజ్ రికార్డుల ముక్కలే పునాది. ట్రైబ్ వాళ్ళ ఎలక్ట్రిక్ రిలాక్సేషన్ కింద నడిచేది రానీ ఫాస్టర్ 1972లో వాయించిన మిస్టిక్ బ్రూ. తన ర్యాప్ బృందం స్లమ్ విలేజ్ కోసం డిల్లా చేసిన ఫాల్ ఇన్ లవ్ కింద ఉన్నది గ్యాప్ మాంజియోని 1968 రికార్డు. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంపిల్ మెషీన్‌లో మొత్తం శాంపిల్ నిడివి పది సెకన్లే. అందుకని 33 వేగం రికార్డుని 45లో తిప్పి ఎక్కించుకుని, లోపల మళ్ళీ నెమ్మది చేసేవాళ్ళు. శబ్దం గరుగ్గా మారేది. ఇప్పుడు ఆ గరుకు కోసమే జనం ప్లగిన్లు కొంటున్నారు.

1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో తీర్పు ఇచ్చాక అనుమతి లేకుండా శాంపిల్ చేయడం ఖరీదైన పనైపోయింది. 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ కేసులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఇంకా గట్టిగా చెప్పింది, లైసెన్సు తీసుకోండి లేకపోతే శాంపిల్ చేయకండి అని. అక్కడ గొడవ ఫంకడెలిక్ పాటలోని రెండు సెకన్ల గిటారు ముక్క మీద. 2016లో తొమ్మిదో సర్క్యూట్ దీనితో విభేదించింది గాని, మిషిగన్ ఆరో సర్క్యూట్ కిందికే వస్తుంది. లాయర్లకి ఇచ్చే డబ్బు మా దగ్గర లేదు.

కాబట్టి మా శాంపిల్ మేమే చేసుకున్నాం. పద్ధతి కాస్త చుట్టుతిరుగుడే. ముందు ముగ్గురం 72 బీపీఎంలో ఎఫ్ మైనర్‌లో ఒక నెమ్మదైన బ్యాలడ్ వాయించి రికార్డు చేశాం, ఏ హిప్‌హాప్ ఆలోచనా లేకుండా. అది ఎంపీసీలోకి ఎక్కించి, వేగం పెంచి, ముక్కలు కోసి, కొత్త వరసలో పేర్చాను. ఆ పేర్చినదాన్ని అందరం విని, మళ్ళీ చేత్తో వాయించడం నేర్చుకున్నాం. మెషీన్ వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది. 72 నుంచి 90కి లాగితే ఎఫ్ మైనర్ వెళ్ళి ఎ మైనర్‌కి 14 సెంట్లు (కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) కింద ఆగింది. ఏ శ్రుతీ కాని శ్రుతి. రికార్డు మీదయితే అదో అందం. కీబోర్డుని అంత కిందకి దించొచ్చు గాని, ట్రంపెట్ కుర్రాడు పాటంతా చెవులు రిక్కించుకుని ఉండాలి. టెంపోని 90.7 చేస్తే శ్రుతి సరిగ్గా నాలుగు సెమిటోన్లు (నాలుగు మీటలు) పెరిగి ఎ మైనర్‌లో దిగింది. ట్రంపెట్ నోట్స్ ఒక మెట్టు పైన రాస్తారు కాబట్టి వాడికి అది బి మైనర్. సణిగాడు, వాయించాడు.

కోసిన ముక్కని చేత్తో వాయించడంలో నాకో సరదా దొరికింది. శాంపిల్‌లో తీగ (అంటే కార్డ్, కలిపి మోగే స్వరాలు) మోగుతూ ఉండగానే కత్తిరించబడుతుంది, సహజంగా ఆరిపోదు. ఒక్కోసారి తీగ మొదలు కూడా ఉండదు, మధ్యలోంచి వినిపిస్తుంది. రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో శబ్దంతో దీన్ని తెప్పించడానికి పెడల్ మీంచి కాలు తీసేశాను. వేళ్ళు మీట మీంచి ఒక్కసారిగా ఎత్తేయాలి. మధ్యలోంచి మొదలయ్యే తీగ కోసం ముందు మెత్తగా నొక్కి, వాల్యూమ్ పెడల్‌తో ఆలస్యంగా శబ్దాన్ని తెరుస్తున్నాను. జాజ్‌లో పక్కవాళ్ళకి తీగలు వేయడమంటే వాళ్ళు అన్నదానికి బదులు చెప్పడం. ఇక్కడ ఆ బదులు నోట్లోనే తుంచేయాలి. తొమ్మిదో స్వరం, పదకొండో స్వరం కలిపిన తీగలు మూడే వాడుతున్నాను, ఎనిమిది బార్ల దాకా మార్చకుండా. వాయించేవాడికి చాలా కష్టం ఇది, చేతులు ఊరుకోవు.

మే

ర్యాప్ కుర్రాడు ఇన్నాళ్ళూ మూలన కూర్చుని ఫోన్లో రాసుకుంటూ ఉన్నాడు. ఇప్పుడు లేచాడు. లేవగానే తగాదా.

పదహారు బార్లంటే మా టెంపోలో 43 సెకన్లు. ఒక పాట ఐదు నిమిషాలంటే సుమారు 112 బార్లు. వాడికి మూడు చరణాలు కావాలి, అంటే 48 బార్లు. ట్రంపెట్ కుర్రాడికి సోలో ముప్ఫై రెండు బార్లు తక్కువట. డ్రమ్మర్‌కి కుడిచెయ్యి విడుదల కావాలి. బాస్ అమ్మాయి ఏమీ అడగలేదు, చివరికి ఆమెకే పాట మొదట్లో ఎనిమిది బార్లు ఒంటరిగా ఇచ్చాం, అందరికీ నచ్చిన నిర్ణయం అదొక్కటే.

పరిష్కారం రెండో పాటలో దొరికింది. చరణం, సోలో విడివిడిగా పెట్టడం మానేసి, నాలుగు బార్లు మాట, నాలుగు బార్లు ట్రంపెట్ అని వంతులు వేసుకున్నారు. జాజ్ వాళ్ళు డ్రమ్మర్‌తో "ఫోర్స్" మార్చుకున్నట్టే. మొదట ఇద్దరూ ఎవరి పాఠం వాళ్ళు అప్పజెప్పారు. పోను పోను కుర్రాడి చివరి మాట ఎక్కడ ఆగితే ట్రంపెట్ అక్కడి లయ అందుకోవడం మొదలెట్టింది. ఆ తరవాత ట్రంపెట్ వదిలిన ఖాళీలో కుర్రాడు మాట పెట్టడం. నెలల తరబడి "కలవడం" అని నేను మొత్తుకుంటున్నది ఇది. ఆ సాయంత్రం చరణాల గొడవ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మూడో పాటలో ఒక చరణం తెలుగులో ఉండాలని వాడి పట్టు. "అన్నా, మా అమ్మమ్మకి ఒక్కటైనా అర్థం కావాలి." రాయడానికి ఇద్దరం కూర్చున్నాం. ఇంగ్లీషులో వాడికి అలవాటైన చిట్కా, ఊనిక పడే అక్షరాన్ని సాగదీసి స్నేర్ మీద కూర్చోబెట్టడం. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే ఇంకో మాటైపోతుంది. దానికి బదులు స్నేర్ మీద ద్విత్వాలు పెట్టాం: ఒత్తిడి, గుక్క, తప్పు, మెట్టు. నాలుక ఆగే ఆ క్షణం స్నేర్ దెబ్బకి సరిగ్గా సరిపోయింది. స్నేర్ ముందు పడుతుంది కాబట్టి ఒత్తు కూడా రవ్వంత ముందే పడాలి. అది వాడికి సులువుగా వచ్చింది, వాడు ఎప్పుడూ తొందరే. మిశ్రం మీద తెలుగు మాటలు వాలిన తీరు నన్నే ఆశ్చర్యపరిచింది. నాలుగు మాత్రల మాట, మూడు మాత్రల మాట మన పద్యాల్లో, పాటల్లో ఎప్పుడూ పక్కపక్కనే నడుస్తాయి కదా.

అమ్మమ్మకి వీడియో కాల్‌లో వినిపించాడు. "ఎందుకురా నాన్నా అంత గబగబా, ఎవరు తరుముతున్నారు?" అందట. అయినా అర్థమైందంది.

జూన్

నాలుగో పాట తీసేశాం. అది అందరికీ ఇష్టమైన ట్యూన్, బాగా వినపడుతుంది, ఎవరి ముందైనా మార్కులు పడతాయి. బీటు కింద నడుస్తుంటే మీద ట్రంపెట్ అందంగా తేలుతుంది, అంతే. జనవరిలో నేను తిట్టిన సరుకే. ట్రంపెట్ కుర్రాడు బాధపడ్డాడు, అతని ఉత్తమ సోలో అందులోనే ఉంది. మిగిలిన మూడు పాటలకే సెట్ పదహారు నిమిషాలొచ్చింది, రెండో పాటలో వంతుల భాగం పెంచితే ఇరవై నిండింది.

వాయించింది ఊళ్ళో ఒక చిన్న చోట, ఎక్కువమంది మాకు తెలిసినవాళ్ళే. క్లిక్ లేదు, లూప్ లేదు. తరవాత రికార్డింగ్ కొలిచాను, కొలవకుండా ఉండలేను. మొదటి పాట 90లో మొదలై 92లో ముగిసింది, జనం ముందు ఆ మాత్రం టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. స్నేర్ మాత్రం పాట చివరిదాకా హై-హ్యాట్‌కి 15 నుంచి 25 మధ్య ముందే ఉంది. బాస్ 30 దాకా వెనక. రెంటి మధ్యా 50 మిల్లీసెకన్ల సందు, అందులో నా తీగలు. మూడో పాటలో మిశ్రం కాస్తా ట్రంపెట్ సోలో వేడిలో తిశ్రంలోకి జారి, తెలుగు చరణం మొదలవగానే మళ్ళీ మిశ్రానికి తిరిగొచ్చింది. ఎవరు లాక్కొచ్చారో అర్థం కాక ట్రాకులు విడివిడిగా విన్నాను. ర్యాప్ కుర్రాడే. వాడి మాటల్ని పట్టుకుని డ్రమ్మర్ వెనక్కొచ్చాడు. లెక్క నేర్చుకోనివాడు వాడొక్కడే. "తకధిమి నాకొద్దన్నా, నేను వింటాలే" అని మార్చిలోనే తప్పించుకున్నాడు.

ఇక మిక్సింగ్ ఉంది. డ్రమ్స్‌కి మైకులు మూడే పెట్టాం, కిక్, స్నేర్, పైన ఒకటి. గదిలో ఎక్కువ మైకులుంటే ఈ మిల్లీసెకన్ల ఆటంతా ప్రతిధ్వనిలో చెరిగిపోతుంది. బాస్ అమ్మాయి ఐదులో ఒక కొత్త పాట మొదలెట్టింది, స్వింగ్ ఐదులో కాదు, తాళమే ఐదులో, ఖండచాపులో. హై-హ్యాట్ అందులో కూడా సమానంగానే వాయించాలంటోంది. డ్రమ్మర్ ఇంకా ఒప్పుకోలేదు.